బొటనవేలి గుంట

మార్చి పంతొమ్మిది, గురువారం. ఆ ఉదయం అత్తయ్యా నేనూ ఉడకబెట్టిన గుడ్లు, వెన్న రాసిన రొట్టె తిన్నాం. జామ్ సీసా బల్ల మీదే ఉంది గాని మూత రాలేదు. సీసా మూతలు తీసే పనిముట్టు తయారుచేసి అమ్మబోతున్న ఇల్లు మాది. ఉన్న ఒక్క నమూనానీ పరీక్షకి పంపాలని మెత్తటి గుడ్డలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టేశాం. మళ్ళీ విప్పి కట్టే ఓపిక ఇద్దరికీ లేదు. బావి తవ్వేవాడింట్లో బిందె ఖాళీ అన్నట్టుంది మన సంగతి అని అత్తయ్య నవ్వి, నా గుడ్డు పెంకు కూడా తనే ఒలిచి పెట్టింది. ఆమె కూతురు, అంటే నా భార్య, పోయాక ఇలాంటి చిన్న చిన్న దయలతోనే నా రోజులు నడుస్తున్నాయి.

అప్పటికి వ్యవహారం ఇక్కడిదాకా వచ్చింది. చివరి రెండేళ్ళూ నా భార్య వేళ్ళు ఆమె మాట వినలేదు. కీళ్ళు వాచిపోయాయి. ఒకరోజు విసుగెత్తి మైనం తెప్పించుకుని మూత తీసే పనిముట్టు ఒకటి చేసింది. ముందు వంకర ముక్కు మూతని కరుచుకుంటుంది. వెనక పొట్టి పిడి, దాని మీద ఒక పక్క బొటనవేలు ఆనడానికి గుంట, రెండో పక్క అరచేతికి ఆనే బొడిపె. ఆ ముక్కు చూసి తనే దానికి చిలక అని పేరు పెట్టింది. ఆమె తమ్ముడికి ప్లాస్టిక్ సామాన్ల వర్క్‌షాపు ఉంది. ఇంట్లో అందరికీ అతను చంటి. యాభై దాటి, నెత్తిన వెంట్రుక మిగలకపోయినా చంటే. అక్క చేసిన మైనం ముద్దని బట్టి అతనే నమూనా పోశాడు. ఆమె దాన్ని ఒక్క నెల వాడింది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. చిలకని అమ్మకానికి పెడదామన్నది చంటి. ఊళ్ళో పెద్ద సామాన్ల దుకాణంవాళ్ళు చూసి ఒప్పుకున్నారు, పరీక్ష చేయించి కాగితం తెమ్మన్నారు. శుక్రవారం పొద్దున ఉక్కు అచ్చు కోయిస్తానని చంటి అన్నాడు. ఉక్కు అచ్చు ఒకసారి కోశాక ఇక ఆకారం మారదు. అంటే ఆ గురువారం సాయంత్రానికల్లా పరీక్ష ఎక్కడో తేలాలి.

చోట్లు రెండున్నాయి. ఒకటి కొత్త రోడ్డులో ఉన్న లాబొరేటరీ. చంటి వెంట ముందురోజే వెళ్ళి చూసొచ్చాను. తలుపులన్నీ అద్దాలే, మనుషులు మర్యాదస్తులు. యంత్రం చిలకని ఉక్కు దవడలతో పట్టుకుని, అది అరిగేదాకానో విరిగేదాకానో తిప్పుతూనే ఉంటుంది. వారంలో ముద్ర వేసిన కాగితం చేతికొస్తుంది. అందులో మోసం లేదు. అక్కడ పాసైన వస్తువు విరగదు.

రెండోది పాత ఆసుపత్రి వెనక వైపున్న ఒక పొడుగాటి గది. చేతులు సరిగ్గా పని చెయ్యని వాళ్ళు అక్కడికి వ్యాయామానికి వస్తారు. వచ్చిన వాళ్ళు కుళాయిలు, తాళాలు, సీసాలు, కొత్తగా బజారుకి రాబోయే వస్తువులు వాడి చూస్తారు. అందరూ దాన్ని చేతుల గది అంటారు. అక్కడ పరీక్షకి ఆరువారాలు పడుతుంది. చంటికి ఆ మాటే గిట్టలేదు. అది పరీక్ష కాదు బావా, కాలక్షేపం అన్నాడు. నాకు మాత్రం నిర్ణయం అయ్యేలోగా ఆ గది కూడా ఒకసారి చూడాలనిపించింది. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన వాణ్ణి. రెండో సాక్షిని వినకుండా ఏదీ రాయొద్దని పిల్లలకి చెప్పినవాణ్ణి.

చంటికి చెప్పకుండా అట్టపెట్టె చంకన పెట్టుకుని బస్సెక్కాను. కండక్టరు నా వయసు చూశాడో పెట్టె చూశాడో గాని, తన సీటు వదిలి నన్ను కూచోమన్నాడు.

చేతుల గదికి పెద్ద ఒకావిడ. మూలాన కిటికీ దగ్గర నిలబడి ఎవరివో వేళ్ళు ఒక్కొక్కటే చాచి చూపిస్తోంది. నా పని చెప్పుకోబోతే చెయ్యెత్తి ఆపింది. ఆ గదిలో ఒక పద్ధతి ఉందిట. వస్తువు గురించి తెచ్చినవాళ్ళు నోరు విప్పకూడదు. ఎలా పట్టుకోవాలో ఒక్క ముక్క చెప్పినా పరీక్ష పాడయినట్టే. కొనుక్కున్నవాడి వెంట మీరు వాళ్ళింటికి వెళ్ళి చెప్తారా ఏమిటి అంది. నన్ను గోడవారన బెంచీ మీద కూచోబెట్టి, చిలకని తీసుకెళ్ళి ఒక జామ్ సీసా పక్కన బల్ల మీద పెట్టింది.

ముందు కూచున్నది ఒక పాత లారీ డ్రైవరు. లావుపాటి వేళ్ళు, సగానికి మించి ముడుచుకోవు. చిలకని కుడిచేత్తో తీసుకున్నాడు. ముక్కు మూతకి తగిలించాడు. బొటనవేలు ఆనడానికి చోటు వెతుక్కుంటోంది. గుంట దొరకలేదు, బొడిపె దొరికింది. తిప్పాడు. పిడి జారింది, సీసా దొర్లింది, పక్కనున్నావిడ పట్టుకుంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ జారింది. అప్పుడాయన నావైపు చూసి, నా చెయ్యే బాగాలేదులెండి, వస్తువుదేం లేదు అన్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి, నా మొహం చిన్నబోకుండా తప్పు తన చేతి మీద వేసుకున్నాడు.

పక్కనావిడ ఇస్త్రీ పని చేసి చేసి మణికట్టు పాడుచేసుకుందిట. ఆమెకీ రాలేదు. మూడో ఆయనకీ రాలేదు. అప్పుడు గది పెద్దావిడ వచ్చి చిలకని కుడిచేత్తో తీసుకుంది, మొహం చిట్లించింది, ఎడమచేతికి మార్చింది. బొటనవేలు గుంటలో ఇట్టే కూచుంది. మూత కిర్రుమని వచ్చేసింది.

"మీ ఇంట్లో ఎవరిది పుర్రచెయ్యి?" అంది.

నేను ఆలోచించి చెప్పాను. మా అత్తయ్యది. బావమరిదిది. నా భార్యది. చెప్తూంటే నాకే అర్థమైంది, చిలకతో మూత తిప్పినవాళ్ళు ఇంతేనని.

"మీది?"

"నాది కుడే. కానీ నేనెప్పుడూ తిప్పలేదు."

అది నిజం. పెళ్ళైన కొత్తలోనే పంచుకున్న పని అది. సీసా పట్టుకోవడం నా వంతు, మూత తిప్పడం ఆమె వంతు. నేను రెండు చేతులా సీసాని పొట్టకి అదిమి పట్టుకుని నిలబడితే, ఆమె ఎదురుగా వచ్చి ఎడమచేత్తో తిప్పేది. నీకెందుకొచ్చిన బలప్రదర్శన, కదలకుండా నించో చాలు అనేది. చిలక వచ్చాక కూడా అలాగే నిలబడ్డాం. ఒక మనిషి రెండు చేతులతో ఒంటరిగా సీసా మూత తీసుకోవడం ఎలా ఉంటుందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మేము ఇద్దరం కలిసి చేసే పనికి ఒక పనిముట్టు చేసుకుని, దాన్ని లోకం మొత్తానికి అమ్మబోయాం.

గది పెద్దావిడ చిలకని అటూ ఇటూ తిప్పి చూస్తూ, ఇది ఒక్క మనిషి కోసం చేసినట్టుంది, చాలా ముద్దుగా చేశారు అంది.  ఏడాదిగా అందరూ ఆమె గురించి నా దగ్గర మాట్లాడ్డానికి జంకుతున్నారు. ఆమెని ఎన్నడూ చూడని మనిషి ఆమె చెయ్యి చూసినట్టు మాట్లాడింది. తను వస్తువు పనికిరాదనడం లేదనీ, ఎవరికి పనికొస్తుందో కనుక్కుందామంటున్నాననీ చెప్పింది. సోమవారం తెస్తే మొదలుపెడతానంది. ఆరువారాలు చూశాక పిడి మారుద్దాం, రెండు చేతులకీ సరిపడేలా చేద్దాం, అప్పటిదాకా అచ్చు కోయించకండి అంది.

పిడి మారుద్దాం అన్న మాట తేలిగ్గానే అంది. బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూచున్నంతసేపూ ఆ మాటే బరువుగా ఉంది. ఏడాదిగా రోజూ ఒకసారైనా ఆ గుంటలో నా బొటనవేలు ఆనించి కాసేపు ఉంచుకోవడం నాకు అలవాటు. వేలు ఎప్పుడూ సరిగ్గా కూచునేది కాదు. ఆమెది చిన్న వేలు కదా అనుకుని ఊరుకునేవాణ్ణి. ఫొటోల్లో ఆమె మొహం ఉంది, బీరువాలో చీరలున్నాయి. చెయ్యి మాత్రం ఆ గుంటలోనే ఉంది.

ఇంటికొచ్చేసరికి చంటి అప్పటికే ముందుగదిలో అచ్చు తాలూకు బొమ్మలు బల్ల నిండా పరిచి కూచున్నాడు. అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో దిండు గలీబుకి అంచు కుడుతోంది. నేను చేతుల గదికి వెళ్ళొచ్చానని చెప్పగానే అతని మొహం మారింది. నాకు తెలియకుండా వెళ్తావా, నాకో మాట చెప్తే నేనూ వచ్చేవాణ్ణి కదా అని సణిగాడు. డ్రైవరు సంగతి, ఇస్త్రీ ఆవిడ సంగతి, నేను సీసా పట్టుకోవడమే తప్ప ఎప్పుడూ తిప్పలేదన్న సంగతి వరసగా చెప్పాను. అతను ఆశ్చర్యపోతాడనుకున్నాను. పోలేదు. పెన్ను మూత ఎడమచేత్తో పెడుతూ తీస్తూ కూచున్నాడు.

"నీకు ముందే తెలుసా చంటీ?" అన్నాను.

పెన్ను బల్ల మీద పెట్టేశాడు. ఆఖరికి, తెలుసన్నాడు. నమూనా పోసిన వారంలోనే తన షాపులో లేత్ మిషను నడిపే ఆయనకి ఇచ్చి చూశాడుట. ఆయనకి రాలేదుట. అప్పట్నుంచీ తెలుసు.

నాకు కోపం రావడం తక్కువ. ఆ పూట వచ్చింది. తెలిసీ యంత్రం దగ్గరికి పంపిద్దామన్నావా, దుకాణంవాడు తొందరపెడుతున్నాడని కళ్ళు మూసుకున్నావా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య సూది ఆగింది.

"దుకాణం సంగతి ఎవడిక్కావాలి బావా," అన్నాడు చంటి. "యంత్రానికి కుడీ ఎడమా లేవు. అది అక్క వేలిని మార్చమనదు. ఆ గదిలో వాళ్ళు మారుస్తారు. అందుకే వద్దన్నాను."

నేను నిలబడ్డవాణ్ణి కూచున్నాను.

తర్వాత అతను ఆపుకోలేక చాలా చెప్పాడు. చిన్నప్పుడు బళ్ళో ఎడమచేత్తో రాస్తే చేతి మీద కొట్టేవాళ్ళుట. అక్క వచ్చి, నేనూ ఈ చేత్తోనే రాస్తాను, ముందు నన్ను కొట్టండి అని మేష్టారి ముందు చెయ్యి చాచిందిట. లోకంలో కత్తెరలు మీ కుడిచేతివాళ్ళవి, తలుపు గడియలు మీవి, గరిటెలకి ముక్కు కూడా మీవైపే, ఒక్క చిలక మావైపు పుట్టింది, దాన్నీ మీవైపు తిప్పేస్తే ఎలా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని కళ్ళు నవ్వడం లేదు. ఉక్కులో ఒకసారి కోసేస్తే అక్క వేలు ఇక ఎక్కడికీ పోదనీ, తను పోయాక కూడా ఉంటుందనీ అన్నాడు.

అతను తొందరపడింది అందుకు. ఇన్నాళ్ళూ ఆ గుంట మీద మమకారం నాకొక్కడికే ఉందనుకున్నాను.

అయినా ఒక మాట అనాల్సి వచ్చింది. మెల్లిగానే అన్నాను.

"చంటీ, వేళ్ళు నొప్పెట్టే మనిషెవరో చిలకని కొనుక్కుని వెళ్తారు. ఒంటరిగా ఉంటారనుకో, సీసా పట్టుకునేవాళ్ళు కూడా ఉండరు. పట్టుకుంటారు, జారుతుంది. మళ్ళీ పట్టుకుంటారు. తప్పు తమ చేతిదే అనుకుంటారు. మీ అక్క రెండేళ్ళు ఆ మాటే అనుకుంది, గుర్తుందా? నా చేతులే చేతకానివైపోయాయి అని. ఆమె చేసిన వస్తువు ఇంకొకరి చేత ఆ మాట అనిపించొచ్చా?"

చంటి తల దించుకున్నాడు. కాని పట్టు వదల్లేదు. ఎడమచేతివాళ్ళకే అమ్ముదాం అన్నాడు. కావాలంటే పెట్టె మీద పెద్దక్షరాలతో రాయిద్దాం అన్నాడు. ఉక్కు కోయడానికి తను మాట ఇచ్చేశానన్నాడు. ప్రతి మాటకీ నా దగ్గర జవాబుంది, ఏ జవాబూ గట్టిగా చెప్పాలనిపించలేదు. అతను గెలిస్తే గుంట ఉంటుంది. నాకు మాత్రం ఉండాలని లేదా? కావాలంటే ఆ రోజే ఒప్పేసుకుని, పొద్దున్నే ఉక్కు కోయించి, ఆమె వేలిని కలకాలం దాచుకోవచ్చు. నేను మాట తడబడ్డం చంటి గమనించాడు.

"నీకూ వదలాలని లేదు కదా బావా. మరి అక్క వేలు నీ చేత్తోనే చెరిపేస్తావా?"

అప్పుడు అత్తయ్య దారం పళ్ళతో తెంపింది. కుట్టిన గలీబు మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

"అది దాని వేలు కాదు," అంది.

మేమిద్దరం ఆమెవైపు తిరిగాం.

ఆ మైనం చేసిన రోజు తనూ పక్కనే ఉందిట. పిడి అంతా అయ్యాక బొటనవేలి గుంట నొక్కాల్సి వచ్చింది. నా భార్య వేలికి అప్పటికే బలం లేదు, మైనం లొంగలేదు. అమ్మా, నువ్వు నొక్కు అందిట. తల్లి చేతిని తన చేతిలోకి తీసుకుని, ఇక్కడ, ఇంకాస్త కిందికి, ఇప్పుడు గట్టిగా అని చెప్తూ నొక్కించిందిట.

"నాదిరా ఆ వేలు," అంది అత్తయ్య. "మీరిద్దరూ దాన్ని అంత అపురూపంగా చూసుకుంటూంటే, ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

నేను పెట్టె తాడు విప్పాను. అత్తయ్య కుర్చీ దగ్గరికి వెళ్ళి చిలకని ఆమె ఎడమచేతిలో పెట్టాను. బొటనవేలు గుంటలోకి జారి, గూట్లో పిట్ట సర్దుకున్నట్టు సర్దుకుంది. చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ లేదు. చంటి వంగి చూశాడు. ముందు నవ్వాడు. ఆ నవ్వు ఆగకుండానే కళ్ళు తుడుచుకున్నాడు. ఏడాదిగా ఇంట్లో బతికున్న మనిషి వేలికి తద్దినం పెడుతున్నామన్నమాట అన్నాడు. అత్తయ్య గలీబుతో అతని బోడినెత్తి మీద ఒక్కటిచ్చింది.

నేను నవ్వలేకపోయాను. ఉన్న ఒక్కటీ పోయిందనిపించింది. బీరువాలో చీరలు, గోడ మీద ఫొటో, ఇక చెయ్యి అనేది ఎక్కడా లేదు. వెళ్ళి వంటింట్లో కుళాయి దగ్గర కాసేపు నిలబడ్డాను. చల్లటి నీళ్ళు మొహాన కొట్టుకుంటూంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఏడాదిగా దిగులు పుట్టినప్పుడల్లా నేను వేలు ఆనించి ఉంచుకున్నది, రోజూ నా గుడ్డు పెంకు ఒలిచే చేతి మీదన్నమాట. ఆ చెయ్యి ఎప్పుడూ దూరం పోలేదు. ఆ ఆలోచనతో దుఃఖం పోలేదు గాని, దాని పక్కన ఇంకొకటి కూచోడానికి చోటు దొరికింది.

ముందుగదిలోకి వచ్చేసరికి చంటి బొమ్మలన్నీ చుట్టేస్తున్నాడు. ఉక్కు కోసేవాళ్ళకి ఫోన్ చేసి ఆరువారాలు ఆగమన్నానన్నాడు. సోమవారం పొద్దున తనే స్కూటరు మీద నన్ను చేతుల గదికి తీసుకెళ్తానన్నాడు. అక్కడ నువ్వు నోరు మూసుకుని బెంచీ మీద కూచోవాలి, నీవల్ల అవుతుందా అని అడిగాను. అక్క చేతికింద పెరిగినవాణ్ణి, నోరు మూసుకోవడం నాకు నేర్పాలా అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చి జామ్ సీసా మూత చేత్తోనే తీసి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అత్తయ్య పెందలాడే పడుకుంటుంది. వీధిలో పిల్లలింకా బంతాట ఆడుకుంటూనే ఉన్నారు. కప్పులు కడిగి బోర్లిస్తున్నాను. ఆమె తన గది గుమ్మంలో ఆగింది.

"బాబూ, నువ్వు ఇందాక చంటితో అన్నది నిజమేనా? సీసా పట్టుకోవడం తప్ప ఎప్పుడూ తిప్పలేదని."

"నిజమే అత్తయ్యా."

"మైనం ముద్ద కూడా ముట్టుకోలేదా?"

ముట్టుకోలేదన్నాను. పాడవుతుందని నన్ను దరిదాపుల్లోకి రానిచ్చేది కాదన్నాను. 

అత్తయ్య ఇంకో మైనం ముద్ద ఉందని చెప్పింది. నాకు తెలిసినదానికంటే ముందుది. నా భార్య తన చేత్తో నొక్కినది. గుంట సరిగ్గా పడలేదని పక్కన పడేస్తే, పారెయ్యబుద్ధి కాక అత్తయ్య తన ట్రంకు పెట్టెలో దాచిందిట. చూపించమన్నాను. తడిచేతులతోనే ఆమెవైపు రెండడుగులు వేశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. పొద్దున చూద్దువుగాని, ఇప్పుడు చూస్తే నిద్రపోవు అంది.

"దాని వేలి ముద్రే కదత్తయ్యా. చూస్తే ఏమవుతుంది?"

"దాని వేలు ఒకవైపుంది, పడీ పడనట్టు. రెండోవైపు ఇంకొకరిది ఉంది, లోతుగా, గట్టిగా. అది కుడిచేతి వేలు బాబూ. ఇన్నాళ్ళూ నీదే అనుకున్నాను."

మా ఇంట్లో కుడిచేతివాణ్ణి నేనొక్కణ్ణే. మైనం చేసిన ఆ ఏడాది, నేనింకా ఉద్యోగంలో ఉండగా, నా భార్య నన్ను కాలేజీకి పంపేసి ఒంటరిగా ఎక్కడికైనా, ఆ చేతుల గదికే అయినా, వెళ్ళిందేమో నాకు తెలియదు. ఏదో అడగబోయాను. అత్తయ్య అప్పటికే దీపం తగ్గించింది. చప్పుడు కాకుండా, వేళ్ళతో ఆపి ఆపి, తలుపు దగ్గరగా వేసుకుంది.